మొగలి తైలం, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్: ఇంటి వైద్యంలో ఎంతవరకు వాడవచ్చు?

బరంపురం గృహిణి (బరంపురం, గంజాం జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా అత్తగారికి డెబ్బై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. మోకాళ్ల నొప్పులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఈ మధ్య ఎడమ కణత దగ్గర కూడా నొప్పి మొదలైంది. గుండె జబ్బు వల్ల రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకుంటారు. ఆవిడ పుట్టిల్లు చికిటి వైపు. అక్కడ మొగలి రేకులను నువ్వుల నూనెలో కాచి తలకు పట్టించే అలవాటు ఉండేదట. బంధువులొకరు వాట్సాప్‌లో పంపిన సలహా చూసి, ఇప్పుడు మొగలి తైలం సీసా తెప్పించమని అడుగుతున్నారు. దానిని కణతలకు నేరుగా రాయాలని, రెండు చుక్కలు పాలలో కలిపి తాగాలని ఆ సలహాలో ఉంది. మోకాళ్లకు వింటర్‌గ్రీన్ అనే మొక్క నుంచి తీసే తైలం మర్దన చేయాలని, మూడేళ్ల మా అబ్బాయికి జలుబు చేసినప్పుడు ముక్కు కింద నీలగిరి తైలం రాయాలని కూడా అందులోనే రాశారు. పూర్వం నుంచి ఉన్న వైద్యమే కదా అని ఆవిడ నమ్మకం. వీటిలో ఏది పూర్వపు వైద్యమో, ఏది కాదో తెలిసినవారు వివరించగలరు.

ఛత్రపురం బట్టీ (ఛత్రపురం, గంజాం జిల్లా)

అమ్మా, మా ఇంట్లో రెండు తరాలుగా మొగలి బట్టీ, అంటే పువ్వును కాచి సువాసన తీసే పని, నడుస్తోంది కాబట్టి సీసాలో ఏముంటుందో నేను చెప్పగలను. వైద్యం సంగతి వైద్యులు చెప్పాలి.

మొగలి పొదల్లో మగ పొదకు పూసిన పువ్వే సువాసన ఇస్తుంది. ఆడ పొదకు అనాస పండు వంటి కాయ వస్తుంది, దానితో మాకు పని లేదు. ఛత్రపురం, రంగైలుండ, చికిటి, గంజాం బ్లాకుల్లో పొలం గట్ల మీద, కాలువల వెంట, సముద్రపు ఒడ్డున ఈ పొదలు కంచెలా పెరుగుతాయి. పూత ఏడాదిలో ఒకటికి మించి సార్లు వచ్చినా, వానాకాలంలో, అంటే జూలై నుంచి సెప్టెంబరు వరకు వచ్చేదే అసలైన పూత. సువాసన పోకముందే, తెల్లవారుజామునే కోసి బట్టీకి చేర్చాలి. పెద్ద రాగి డేగ్‌లో పువ్వులు, నీళ్లు వేసి, మూతను మట్టితో మూసి, కింద మంట పెడతాం. ఆవిరి చోంగా అనే వెదురు గొట్టం గుండా వెళ్లి, నీళ్ల తొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే రాగి పాత్రలో చల్లబడుతుంది. కన్నౌజ్ నుంచి వచ్చిన అత్తరు వ్యాపారులు ఇక్కడికి తెచ్చిన పద్ధతి ఇది; నేటికీ పెద్దగా మారలేదు.

ఇక మీరు గమనించవలసిన విషయం. ఈ బట్టీ నుంచి మూడు వేరువేరు సరుకులు వస్తాయి. భప్కాలో నీరు మాత్రమే ఉంటే దొరికేది మొగలి నీరు. మిఠాయిల్లో, బిర్యానీలో చల్లేది అదే. ఆ నీటి మీద తేలే తైలాన్ని వేరుచేస్తే అది రూహ్. వేల పువ్వులకు గాని కొద్దిపాటి తైలం దిగదు కాబట్టి దాని ధర కిలోకు లక్షల్లో పలుకుతుంది. భప్కాలో ముందుగానే వేరొక నూనె పోసి, ఆవిరిని అందులో ఇంకించితే అత్తరు అవుతుంది. ఆ వేరొక నూనె పూర్వం చందన తైలం. చందనం ధర అందనంత ఎత్తుకు పోయాక ద్రవ పారాఫిన్ వాడడం సాధారణమైంది. కొందరు ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి వాడే డై ఆక్టైల్ థాలేట్ కూడా వాడతారు. కొన్ని వందల రూపాయలకు దొరికే సీసాలో రూహ్ ఉండే అవకాశమే లేదు. అత్తరో, కృత్రిమ సువాసన ద్రవ్యమో ఉంటుంది. మొగలి వాసనకు ప్రధాన కారణమైన ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌ను కర్మాగారంలో చవకగా తయారుచేస్తారు. అటువంటి దానిని పాలలో వేసి పెద్దావిడకు ఇస్తారా?

గంజాం మొగలి పువ్వుకూ, గంజాం మొగలి రూహ్‌కూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు సరుకు ఎక్కడిదో చెబుతుంది గాని, అది మందు అని చెప్పదు. నిజానికి మా సరుకులో ఎక్కువ భాగం ఔషధాలకు ఎన్నడూ పోలేదు; పాన్ మసాలా, గుట్కా, జర్దా, అగరుబత్తి వ్యాపారులే కొనేవారు. గుట్కా నిషేధాలు వచ్చాక, 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానుకు పొదలు నేలకొరిగాక, బట్టీల పరిస్థితి దిగజారింది. ఇప్పుడు కొందరు ‘సర్వరోగ నివారిణి’ అని చెప్పి అమ్మడానికి అది కూడా ఒక కారణమని నా అనుమానం. మా పెద్దలు తలనొప్పి వస్తే పత్తికి కాస్త అత్తరు అద్ది చెవి మడతలో పెట్టుకునేవారు. తాగినవారిని నేను చూడలేదు, వినలేదు.

జయపురం వైద్యుడు (జయపురం, కొరాపుట్ జిల్లా)

బట్టీ వారు చెప్పినదానికి ఆయుర్వేదం వైపు నుంచి కొంత చేర్చవలసి ఉంది. మీ అత్తగారి పుట్టింట్లో కాచిన నూనె, సీసాలో అమ్మే తైలం రెండూ మొగలి పేరు చెప్పుకుంటున్నా, తయారీలోను బలంలోను ఒకదానికొకటి పోలిక లేనివి.

మన తైలపాక విధానంలో కల్కం, అంటే నూరిన మూలిక ముద్ద, ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, కషాయం లేదా స్వరసం (పిండిన పచ్చి రసం) పదహారు పాళ్లు. నీరంతా ఇగిరేవరకు సన్నని సెగ మీద కాచాలి. కల్కాన్ని వేళ్ల మధ్య నలిపితే వత్తిలా సాగాలి, నిప్పు మీద వేస్తే చిటపటలాడకూడదు, నూనెకు నురుగు పుట్టాలి. అదే నెయ్యి అయితే నురుగు అణగాలి. పాకం వచ్చిందనడానికి శాస్త్రం చెప్పిన గుర్తులు ఇవే. అంతసేపు మరిగేటప్పుడు పువ్వులో ఉన్న ఆవిరయ్యే సువాసన ద్రవ్యాలలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. వీధంతా ఘుమఘుమలాడుతుంది గాని, గిన్నెలో మిగిలేది ప్రధానంగా నువ్వుల నూనె, అందులో కరిగిన కొద్దిపాటి పదార్థాలు. అందువల్లే ఆ నూనెను అరచేతినిండా తీసుకుని తలకు, ఒంటికి పట్టించినా చర్మం మండదు. బట్టీ చేసేది దీనికి సరిగ్గా తలకిందులు: గాలిలోకి పోవలసినదానినే పట్టి సీసాలో బంధిస్తుంది.

పెద్దవారి అనుభవం మొదటి రకం నూనెకు చెందినది. ఆ అనుభవాన్ని రెండవదానికి అంటగట్టి, చుక్కల లెక్కలు కొత్తగా కల్పించి, సంప్రదాయం పేరుతో ప్రచారం చేయడమే నాకు అభ్యంతరం.

సెమిలిగుడ రైతు (సెమిలిగుడ, కొరాపుట్ జిల్లా)

వైద్యుడు గారు చెప్పిన బలం సంగతిని అంకెల్లో చూపించవచ్చు. మా మెట్ట భూమిలో నిమ్మగడ్డి వేశాం. ఒకసారి నాటితే నాలుగైదేళ్లు, ఏడాదికి మూడు నాలుగు కోతలు వస్తాయి. వంద కిలోల పచ్చిగడ్డిని బట్టీలో వేస్తే సుమారు అర కిలో తైలం దిగుతుంది. అందులో డెబ్బై, ఎనభై శాతం నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ అనే పదార్థమే. మా ఇంట్లో జలుబు చేస్తే ఐదు గ్రాముల ఆకు తుంచి, అల్లం ముక్కతో కలిపి నీళ్లలో మరిగించి తాగుతాం. ఆ ఐదు గ్రాముల ఆకులో ఉండే తైలం పాతిక మిల్లీగ్రాములు, అంటే ఒక్క చుక్క కన్నా తక్కువ. అదైనా మొత్తం నీళ్లలోకి దిగదు. సీసా నుంచి పది చుక్కలు వేసుకున్నవారు సుమారు ఎనభై గ్రాముల పచ్చి ఆకులోని సారాన్ని ఒక్క గుక్కలో మింగినట్లే. అంత ఆకు ఒకేసారి మరిగించి తాగే ఇల్లు మా చుట్టుపక్కల ఎక్కడా లేదు.

బట్టీ దగ్గర పనిచేసేటప్పుడు నేరుగా చేతి మీద పడితే చర్మం ఎర్రబడుతుంది. వెంటనే కొబ్బరి నూనె రాసి తుడుస్తాం. నీళ్లతో కడిగితే మంట తగ్గదు, ఎందుకంటే ఆ తైలం నీళ్లలో కలవదు.

పర్లాకిమిడి ఫార్మసిస్టు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

అమ్మా, మొగలి తైలం మీద చర్చ ఎక్కువగా జరుగుతోంది గాని, మీరు రాసినవాటిలో అందరికంటే ముందు ఆపవలసినది వింటర్‌గ్రీన్. ఆ సీసాను ఇంకా కొనకపోతే కొనవద్దు.

ఆ తైలంలో దాదాపు అంతా మిథైల్ సాలిసిలేటే. ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన పదార్థం. ఒక టీ స్పూను, అంటే ఐదు మిల్లీలీటర్ల తైలంలో ఉండే సాలిసిలేటు, పెద్దలు వేసుకునే 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు ఇరవైకి పైగా కలిపినంత. అది చర్మం గుండా కూడా రక్తంలోకి చేరుతుంది. వేడి కాపడం పెట్టినా, గుడ్డతో గట్టిగా కట్టినా ఇంకా ఎక్కువగా చేరుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందు వాడుతున్నవారు మిథైల్ సాలిసిలేటు ఉన్న నొప్పి మందులను మోకాళ్లకు విస్తారంగా రాసుకున్నప్పుడు రక్తం మరింత పలచబడి, ఒంటి మీద కమిలిన మచ్చలు రావడం, రక్తస్రావం కావడం వైద్య సాహిత్యంలో నమోదై ఉంది. మీ అత్తగారు వాడేది ఏ మాత్రో రాయలేదు. ఏదైనా సరే, వైద్యుడికి చెప్పకుండా ఈ తైలం వద్దు. దుకాణంలో దొరికే చాలా నొప్పి బామ్‌లలో కూడా ఇదే ఉంటుంది. డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి.

రెండవ విషయం తైలాలకు సంబంధించినది కాదు, కానీ రాయకుండా ఉండలేను. యాభై దాటినవారికి కొత్తగా కణత నొప్పి మొదలైతే, ముఖ్యంగా తల దువ్వుకుంటే నొప్పి పెట్టడం, నమిలితే దవడ లాగడం, చూపు మసకబారడం వంటివి తోడైతే, కణత రక్తనాళం వాచి ఉండవచ్చు. చికిత్స ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోయే జబ్బు అది. ఏ తైలం రాయాలా అని వెతకకుండా, ఈ వారంలోనే వైద్యుడికి చూపించండి.

గుణుపురం సిస్టర్ (గుణుపురం, రాయగడ జిల్లా)

ఫార్మసిస్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. పిల్లవాడి గురించి నేను రాస్తాను. పిల్లల వార్డులో చాలాకాలం పనిచేసిన నర్సును.

నీలగిరి తైలంలో ప్రధాన పదార్థం సినియోల్. చిన్నపిల్లలు ఒక టీ స్పూను మింగితే మూర్ఛలు, స్పృహ కోల్పోవడం సంభవించవచ్చు. మింగకపోయినా, మెంథాలు, కర్పూరం, నీలగిరి తైలం వంటి ఘాటైన వాటిని పసిపిల్లల ముక్కు దగ్గర రాస్తే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పెద్దలలో కూడా నీలగిరి తైలం, కర్పూరం ఉన్న బామ్‌ల వాడకానికీ మూర్ఛలకూ సంబంధం ఉన్నట్లు మన దక్షిణాది నాడీవైద్యులు ప్రచురించారు. మూర్ఛ వ్యాధి ఉన్న ఇంట్లో వీటిని అసలు ఉంచకపోవడమే మంచిది.

కర్పూరం గురించి మరొక మాట. కొబ్బరి నూనెలో కర్పూరం కరిగించి పిల్లల ఛాతీకి రాయడం మన ప్రాంతంలో దాదాపు ప్రతి ఇంట్లో ఉన్న అలవాటు. నేడు పూజకు దొరికే కర్పూరం చాలావరకు టర్పెంటైను నుంచి కర్మాగారంలో తయారైనది. తినడానికి గాని, పిల్లల చర్మానికి గాని ఉద్దేశించినది కాదు. గ్రాము లోపు కర్పూరం మింగినా పసివారి ప్రాణానికి ముప్పు. బిళ్ల తెల్లగా, మిఠాయిలా ఉంటుంది కాబట్టి దేవుడి గూట్లో కింది అరలో పెట్టకండి.

జలుబుకు ఏం చేయాలంటే, ముక్కులో ఉప్పునీటి చుక్కలు, గోరువెచ్చని ద్రవాలు, ఏడాది దాటిన పిల్లలకు కొద్దిగా తేనె చాలు. మరుగుతున్న గిన్నె ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి దుప్పటి కప్పి ఆవిరి పట్టకండి. వేడినీళ్లు ఒలికి ఒళ్లు కాలిన పిల్లలు వార్డుకు ప్రతి చలికాలం వచ్చేవారు. బాలింతలకు వావిలాకు కాచిన నీళ్లతో స్నానం చేయించడం, ఒళ్లు నొప్పులకు వావిలాకు కాపడం వంటివాటితో నాకు పేచీ లేదు. ఇలా ఆకుతో పైపైన చేసే వైద్యంలో హాని అరుదు.

రాయగడ లెక్కల మాష్టారు (రాయగడ)

ఇన్ని హెచ్చరికలు చదివాక నాకు ఒక్కటే తోస్తోంది. మంచి వాసన పీల్చితే మనసుకు హాయి కలుగుతుంది, ఆ హాయిని మందు గుణం అనుకుంటాం. ఈ తైలాల వైద్యమంతా అంతకు మించినది కాదని, మొత్తంగా పక్కన పెట్టవలసినదని నా అభిప్రాయం. శివపూజకు పనికిరాదని పక్కన పెట్టిన మొగలి పువ్వును వైద్యంలోకి మాత్రం ఎందుకు తేవాలి?

పర్లాకిమిడి ఫార్మసిస్టు

మాష్టారూ, పురాణం సంగతి పెద్దలకు వదిలేస్తాను గాని, మొత్తంగా పక్కన పెట్టాలన్న మాటతో ఏకీభవించలేను. లవంగ తైలంలోని యూజినాల్‌ను జింక్ ఆక్సైడుతో కలిపి దంత వైద్యులు నేటికీ పంటి రంధ్రాల్లో తాత్కాలికంగా నింపుతారు. పొట్టలో కరగకుండా పేగుల్లో కరిగేలా తయారుచేసిన పిప్పరమెంటు తైలపు గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) పేగుల బిగువు, కడుపునొప్పి పదేపదే వచ్చే జబ్బులో ఉపశమనం ఇస్తాయని మనుషుల మీద జరిగిన పరీక్షల్లో తేలింది. పది శాతం పిప్పరమెంటు తైలం కలిపిన ద్రావణాన్ని నుదుటికి రాసుకోవడానికి, పెద్దవారి బిగువు తలనొప్పికి, జర్మనీలో అనుమతి ఉంది. వాములోని థైమాల్ క్రిములను చంపుతుంది. నోరు పుక్కిలించే మందుల్లో దానిని చాలాకాలంగా వాడుతున్నారు.

వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది కొలత. ఎంత శాతం, ఎంత మోతాదు, ఎవరికి, ఎంతకాలం అన్నది నిర్ణయమై ఉంది. మొగలి విషయంలో జరిగిన పరిశోధన ఎక్కువగా పరీక్ష నాళికల్లోను, జంతువుల మీదను జరిగినదే. దానిని పట్టుకుని మనిషికి రెండు చుక్కలు అని చెప్పడానికి ఆధారం లేదు.

నిర్వాహకుడు

ఈ చర్చలో ఒక సభ్యుడు ‘మధుమేహాన్ని పూర్తిగా నయంచేసే మొగలి తైలం’ అని ఫోన్ నంబరుతో పెట్టిన ప్రకటనను తొలగించాను. మధుమేహం వంటి జబ్బులను నయం చేస్తామని మందులను ప్రచారం చేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం కింద నేరం. ఆయుర్వేద ఔషధంగా అమ్మే సీసా మీద తయారీ లైసెన్సు సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. అది లేనిదానిని పరిమళ ద్రవ్యంగానే పరిగణించండి. చర్చ కొనసాగించవచ్చు.

బరంపురం గృహిణి

మీ అందరికీ కృతజ్ఞతలు. వింటర్‌గ్రీన్ ఆర్డరు రద్దు చేశాను. అత్తగారికి మీ సమాధానాలు చదివి వినిపించాను. పాలలో చుక్కల ఆలోచన మానుకున్నారు గాని, మొగలి వాసన మీద మమకారం మాత్రం పోలేదు. వైద్యుడి దగ్గరకు రేపు వెళ్తున్నాం. మరి రెండు సందేహాలు. ఇంట్లో ఉన్న మొగలి సీసా అసలుదో కాదో తెలుసుకోవడం ఎలా? వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు, కర్పూరం కలిపి చేసే అమృతధార కూడా ఇలా ప్రమాదకరమైనదేనా?

ఛత్రపురం బట్టీ

తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి గాలి తగిలేచోట ఉంచండి. స్వచ్ఛమైన తైలమైతే కొంతసేపటికి ఆరిపోయి నూనె మరక మిగలదు. పారాఫినో, వంటనూనో కలిసి ఉంటే మరక అలాగే నిలుస్తుంది. చందనం, వట్టివేరు వంటి చిక్కని తైలాలకు ఈ పరీక్ష సరిగ్గా నప్పదు. కృత్రిమ ద్రవ్యం కూడా మరక లేకుండా ఆరిపోతుంది కాబట్టి, దానిని పట్టుకోవాలంటే ప్రయోగశాల కావలసిందే.

అత్తగారికి మొగలి వాసనే కావాలనుకుంటే, వానాకాలంలో పువ్వు దొరికినప్పుడు రేకులు తెచ్చి దుస్తుల పెట్టెలో, దిండు పక్కన పెట్టండి. రేకుల అంచున ముళ్లుంటాయి, చూసి విడదీయండి. పుట్టింట్లోలా తలకు పట్టించాలనుకుంటే, జయపురం వైద్యుడు గారు చెప్పిన పాళ్లలో ఇంట్లోనే నూనె కాచుకున్నా సరిపోతుంది.

జయపురం వైద్యుడు

అమృతధార మూడు గట్టి పదార్థాలను సమపాళ్లలో కలిపితే వేడి చేయకుండానే ద్రవంగా మారే మిశ్రమం. మా తరంలో ఇది లేని ఇల్లు అరుదు. అయితే అది నూటికి నూరు శాతం గాఢమైనది. నీరు గాని నూనె గాని అందులో లేదు. పెద్దలకు అజీర్తికి ఒకటి రెండు చుక్కలు అరగ్లాసు నీళ్లలోనో, పంచదారలోనో ఇచ్చే అలవాటు ఉంది. కర్పూరం ఉన్నది కాబట్టి పిల్లలకు, గర్భిణులకు, మూర్ఛ ఉన్నవారికి ఇవ్వకూడదు. మీ అత్తగారు వాడుతున్న మాత్రల దృష్ట్యా ఆవిడకు కూడా వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వవద్దు.

ఏ తైలాన్నైనా చర్మానికి రాయవలసి వస్తే ముప్ఫై మిల్లీలీటర్ల నువ్వుల లేదా కొబ్బరి నూనెలో పన్నెండు చుక్కలు కలిపితే సుమారు రెండు శాతం అవుతుంది. వయసు మళ్లినవారి చర్మం పలచగా ఉంటుంది కాబట్టి ఆరు చుక్కలతో ఆపండి. ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒక రోజు చూడండి. కళ్ల దగ్గర, చెవి లోపల వద్దు. వింటర్‌గ్రీన్‌కు ఈ లెక్క వర్తించదు; అది మీ ఇంటికి ఏ పాళ్లలోనూ అక్కరలేదు.

గుణుపురం సిస్టర్

ఒక్క విషయం ఎవరూ రాయలేదు. ఇంట్లో మూడేళ్ల పిల్లవాడు ఉన్నాడు కాబట్టి ఈ సీసాలన్నిటినీ తాళం వేసే బీరువాలో పెట్టండి. పై అర చాలదు, స్టూలు లాక్కుని ఎక్కే వయసు అది. ఒకవేళ మింగితే వాంతి చేయించకండి, వేలు పెట్టి కక్కించకండి. వాంతిలో తైలం ఊపిరితిత్తుల్లోకి పోతే తీవ్రమైన హాని చేస్తుంది. పాలు, నెయ్యి పట్టించకండి. సీసాను వెంట తీసుకుని, లక్షణాలు కనిపించేవరకు ఆగకుండా, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.